ఒంటి ఛాయకు ఒప్పే రంగు

"మీ కలర్‌కి ఇది నప్పదమ్మా, లేత రంగు చూపించనా?" చీరల కొట్లో ఈ మాట వినని ఆడవాళ్లు మనలో ఎంతమంది ఉంటారు? మనసుపడి ముదురాకుపచ్చ చీర మీద చెయ్యి వేస్తే కొట్టబ్బాయి ఒకటంటాడు. వెంట వచ్చిన వదినగారు ఇంకొకటంటారు. "నీ నలుపుకి ఆ రంగేమిటే, చీకట్లో కనపడవు" అని పెద్దత్తయ్య తేల్చేస్తుంది. చివరికి ఎవరికీ అభ్యంతరం లేని ఏ బిస్కెట్ రంగో, పాలిపోయిన గులాబి రంగో ఇంటికొస్తుంది. ఒకసారి కడతాం. అద్దంలో చూసుకుంటే ఏదో వెలితి. ఆ తర్వాత అది బీరువా అడుగుకి చేరి కలరా ఉండల వాసన పీలుస్తూ పడి ఉంటుంది.

డబ్బు దండగ సంగతి అలా ఉంచండి. అంతకంటే పెద్ద నష్టం ఒకటుంది. పదేళ్లయినా నిండని ఆడపిల్ల "ఎరుపు నాకు నప్పదు, పసుపు నాకు నప్పదు" అని వల్లె వేయడం నేర్చుకుంటుంది. పెళ్లీడుకొచ్చేసరికి ఆమెకి మిగిలేవి నాలుగు వెలిసిన రంగులు. ఆ నాలుగూ నిజంగా ఆమెకి నప్పుతాయా అంటే, చాలాసార్లు నప్పవు!

అసలు ఏ రంగు ఎవరికి నప్పుతుందన్నది తెలుపు నలుపుల లెక్క కాదు. దానికి వేరే లెక్క ఉంది. అదేమంత బ్రహ్మవిద్యా కాదు. ఇంట్లో ఉన్న పాత బట్టలతో, వరండాలో వెలుతురు చూసుకుని ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

మన మాటల్లోనే ఉంది కిటుకు

మన పెద్దవాళ్లు మనుషుల రంగు గురించి చెప్పే మాటలు కాస్త జాగ్రత్తగా వినండి. తెల్లగా ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్లలో ఒకరిని "ఎర్రగా ఉంటుంది" అంటారు. రెండో ఆమెని "పచ్చగా ఉంటుంది" అనో, "పసిమి ఛాయ" అనో అంటారు. ఇద్దరూ తెలుపే. కానీ ఒకరి తెలుపు కింద ఎరుపు ఉంది, రెండో ఆమె తెలుపు కింద పసుపు ఉంది. నలుపులోనూ అంతే. ఒకరిది నేరేడుపండు నలుపు, ఒకరిది చింతపిక్క రంగు, ఒకరిది రాగి రంగు. నేరేడులో నీలిమ ఉంది. చింతపిక్కలో ఎరుపు ఉంది. రాగిలో ఎరుపూ పసుపూ కలిసి ఉన్నాయి. ఇక చామనఛాయ అని ఒక్క మాటతో సరిపెట్టేస్తాం గానీ, అందులో ఎన్ని ఛాయలో!

పైకి కనిపించే తెలుపో నలుపో ఒకటి, దాని అడుగున దోబూచులాడే పసుపో ఎరుపో మరొకటి. ఈ రెండో దాన్నే అడుగు ఛాయ అందాం. బట్ట రంగు కలిసేదీ, కలహించేదీ ముఖ్యంగా దీంతోనే. అందుకే ఒకే చీర అక్కకి అద్దినట్టుండి, అంతే రంగున్న చెల్లెలికి అరువు తెచ్చుకున్నట్టుంటుంది.

ఈ అడుగు ఛాయ ఎలా వస్తుందంటే, చర్మానికి రంగునిచ్చే పదార్థం పేరు మెలనిన్. ఇది రెండు రకాలు. ఒకటి గోధుమ, నలుపు రంగులనిచ్చేది. రెండోది ఎరుపు, పసుపు జీరనిచ్చేది. వీటికి తోడు చర్మం కింద పారే నెత్తురు గులాబి జీరనిస్తుంది. క్యారెట్లు, ఆకుకూరల్లో ఉండే కెరోటిన్ కాస్త పసుపునిస్తుంది. ఈ నాలుగూ ఏ పాళ్లలో కలిశాయన్నదే మన ఛాయ. ఇంకో విశేషం వినండి. మెలనిన్ తయారుచేసే కణాలు తెల్లవారికీ నల్లవారికీ దాదాపు సమానంగానే ఉంటాయి. ఆ కణాలు ఎంత మెలనిన్, ఏ రకం మెలనిన్ తయారుచేస్తాయన్నదే తేడా.

ఎండకి పై రంగు ముదురుతుంది. మిరప కోతలకి వెళ్లొచ్చిన వాళ్ల ముంజేతులు చూడండి, జాకెట్టు చేతి కింద దాగిన రంగుకీ వాటికీ పోలికే ఉండదు. కానీ అడుగు ఛాయ మాత్రం అలా తొందరగా మారదు. కాబట్టి "వేసవిలో నల్లబడ్డాను, ఈ చీర ఇక నాకెందుకు" అని దిగులుపడక్కర్లేదు.

వరండాలో పరీక్ష

పొద్దున్న తొమ్మిది, పది గంటల వేళ ఎండ నేరుగా పడని వెలుతురులో కూర్చోండి. వరండా అయినా సరే, కిటికీ పక్కనైనా సరే. ముఖం శుభ్రంగా కడుక్కోండి. పౌడరు వద్దు. పసుపు రాసుకునే అలవాటుంటే రెండు మూడు రోజులు మానండి, లేకపోతే పసుపు కాని వాళ్లు కూడా పసుపు ఛాయగా తేలతారు. జుట్టుకి రంగు వేసుకున్నవాళ్లు తలకి తెల్ల తువ్వాలు చుట్టుకోండి. పక్కన ఒక మనిషి ఉంటే మంచిది. మొహమాటపడకుండా ఉన్నమాట చెప్పే మనిషి అయితే మరీ మంచిది. ఈ పనికి ఎదిగిన కూతుళ్లని మించినవాళ్లు లేరు.

మొదటిది తెలుపు పరీక్ష. మల్లెపువ్వులా ఉతికిన పంచె ఒకటి, చలవ చేయని కోరా గుడ్డ ఒకటి తీసుకోండి. ఒకదాని తర్వాత ఒకటి గడ్డం కిందుగా పరుచుకోండి. కోరా గుడ్డతో ముఖం నిండుగా, వెచ్చగా కనిపించి, తెల్ల పంచెతో పాలిపోయినట్టుంటే మీది పసుపు ఛాయ. తెల్ల పంచెతో తేటగా ఉండి, కోరాతో మాసినట్టుంటే మీది ఎరుపు ఛాయ, లేదా నీలి ఛాయ. రెండింటితోనూ బాగానే ఉంటే మధ్యస్థం. అదృష్టవంతులు, మీకు ఎక్కువ రంగులు కలిసొస్తాయి.

రెండోది నగల పరీక్ష. మెడ పక్కగా ఒకసారి బంగారు గొలుసు, ఒకసారి వెండి పట్టీ పెట్టి చూడండి. పట్టీ మెడ దగ్గరేమిటని నవ్వకండి, పరీక్షకే లెండి. బంగారంతో చర్మం మెరిస్తే పసుపు ఛాయ, వెండితో మెరిస్తే ఎరుపు, నీలి ఛాయ. మణికట్టు మీద నరాలు ఆకుపచ్చగా ఉంటే ఇదీ, నీలంగా ఉంటే అదీ అని కూడా చెబుతుంటారు. తెల్లని చర్మం మీద అది కొంతవరకు పనిచేస్తుంది. మనలో చాలామందికి నరాల రంగు అంత స్పష్టంగా తెలియదు కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు.

మూడోది అసలు పరీక్ష. బీరువాలోంచి ఓ పది రకాల రంగుల జాకెట్టు గుడ్డలో, చున్నీలో తీయండి. ఒక్కొక్కటే భుజాల మీదుగా గడ్డం కిందికి తెచ్చి చూడండి. చీరని చూడొద్దు, ముఖాన్ని చూడండి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. నప్పని రంగు వేస్తే కళ్ల కింద నల్లటి వలయాలు, పెదాల పక్క గీతలు, మంగు మచ్చలు పైకి తేలతాయి. నప్పే రంగు వేస్తే అవి వెనక్కి తగ్గి, కళ్లు ముందుకొస్తాయి. చూసేవాళ్లు "చీర బాగుంది" అంటే ఆ చీర గెలిచింది. "ఏమిటి, ఇవాళ కళగా ఉన్నావు" అంటే మీరు గెలిచారు.

ఎవరికి ఏవి?

పసుపు ఛాయ ఉన్నవాళ్లకి వెచ్చని రంగులు కలిసొస్తాయి. కనకాంబరం రంగు, ఇటుక రంగు, ఆవాల పసుపు, చిలకపచ్చ, మామిడాకు పచ్చ, తేనె రంగు, మీగడ తెలుపు, కాస్త ఎరుపు కలిసిన మెరూన్. నీలం కట్టాలనిపిస్తే పచ్చ కలిసిన నెమలికంఠం రంగు చూడండి.

ఎరుపు, నీలి ఛాయ వాళ్లకి చల్లని రంగులు. రాణీ రంగు, వంగపండు రంగు, నేరేడు రంగు, ఆనంద్ బ్లూ, ముదురు నీలం, దానిమ్మ గింజ ఎరుపు, ముదురాకుపచ్చ, తెల్లని తెలుపు. పసుపు కట్టాలంటే నిమ్మపండు పసుపు.

కొందరి ఛాయలో పసుపుతోబాటు సన్నగా ఆకుపచ్చ జీర ఉంటుంది. చామనఛాయ వాళ్లలో ఇది ఎక్కువ. వీళ్లని తెల్ల గుడ్డా తేల్చలేదు, కోరా గుడ్డా తేల్చలేదు. ఆవాల పసుపు, గచ్చకాయ రంగు వేసుకుంటే జ్వరం పడి లేచినట్టుంటారు. అదే దానిమ్మ ఎరుపో, నెమలికంఠమో, వంగపండు రంగో వేసుకుంటే ఒక్కసారిగా తేరుకుంటారు.

గమనించారా? ఎరుపు అందరి జాబితాలోనూ ఉంది. నీలం, పచ్చ, పసుపు కూడా అంతే. ఏ రంగూ ఎవరికీ నిషిద్ధం కాదు. ఎరుపుల్లో ఏ ఎరుపు, పచ్చల్లో ఏ పచ్చ అన్నదే ప్రశ్న. "నాకు పసుపు నప్పదు" అనే ఆవిడకి ఆవాల పసుపు నప్పకపోవచ్చు, నిమ్మపండు పసుపు అద్భుతంగా ఉండొచ్చు.

ఈ విద్యకి పడమటి దేశాల్లో పెద్ద ప్రచారమే జరిగింది. 1980లో అమెరికాలో కరోల్ జాక్సన్ అనే ఆవిడ రాసిన 'కలర్ మీ బ్యూటిఫుల్' పుస్తకం మనుషుల్ని వసంతం, గ్రీష్మం, శరత్తు, శీతకాలం అని నాలుగు రుతువులుగా విడదీసింది. తెల్ల చర్మంలో, బంగారు జుట్టులో, నీలి కళ్లలో ఉన్న తేడాలకి ఆ లెక్క బాగానే సరిపోయింది. నల్ల జుట్టు, నల్ల కళ్లు ఉన్న ఆసియా, ఆఫ్రికా వాళ్లలో మాత్రం ఎక్కువమందిని తీసుకెళ్లి శీతకాలం ఖాతాలో వేసేశారు. రోహిణీ కార్తె ఎండలో పుట్టి పెరిగినవాళ్లకి అదేం పోలికో! ఇప్పుడు ఫోన్లో ఫోటో పెడితే మీ రుతువేదో చెప్పే ఆటలు చాలా వచ్చాయి. సరదాకి చూడండి, చీర కొనడానికి మాత్రం వరండా పరీక్షనే నమ్మండి.

నల్లనయ్యకి పీతాంబరం

ఇక అసలు విషయానికొద్దాం. నల్లగా ఉన్నవాళ్లు లేత రంగులే కట్టాలన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో గానీ, మన దేవుళ్లకి మాత్రం అది తెలియదు. నీలమేఘశ్యాముడికి మనవాళ్లు కట్టించింది బిస్కెట్ రంగు పంచె కాదు, పచ్చని పట్టు పీతాంబరం. కృష్ణ అని నల్లదనాన్నే పేరుగా పెట్టుకున్న ద్రౌపదిని మించిన అందగత్తె భారతంలో లేదు. "నలుపు నారాయణ మెచ్చు" అన్న సామెత కూడా మనదే.

ముదురు చర్మం మీద స్వచ్ఛమైన నిండు రంగు ఎందుకు అంత వెలుగుతుందో చెప్పడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది తేడా. మనకి జుట్టు నలుపు, కళ్లు నలుపు, కళ్లలో తెలుపు మెరుపు. ముఖంలోనే ఇంత గట్టి తేడా ఉన్నప్పుడు పక్కన వెలిసిన రంగు పెడితే అది నిలబడలేదు. పైగా సున్నం కలిపినట్టుండే లేత గులాబి, లేత నీలం ముదురు చర్మం మీద ఒక్కోసారి బూడిద పూసినట్టు కనిపిస్తాయి. దానికి పౌడరు తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. ఒంటి రంగుకి మరీ దగ్గరగా ఉండే మట్టి రంగు, కాఫీ పొడి రంగు కూడా ముఖాన్ని తమలో కలిపేసుకుంటాయి. అవి కట్టాలనుకుంటే మెడ దగ్గర మెరిసే అంచో, వేరే రంగు జాకెట్టో ఉండేలా చూసుకోవాలి. లేత రంగుల మీద ఇష్టమున్నవాళ్లు సున్నం తెలుపు కలవనివి, అంటే తేటగా ఉండే నిమ్మపండు రంగు, పుదీనా పచ్చ, మీగడ తెలుపు వేసి చూడండి.

రెండో కారణం కంటి తమాషా. పారిస్‌లో గోబ్లె అనే ప్రసిద్ధ నేత కార్ఖానా ఉంది. 1824లో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అక్కడ అద్దకాల విభాగానికి అధిపతిగా చేరాడు. "మీ నలుపు నూలు నల్లగా లేదు, వెలిసినట్టుంది" అని ఫిర్యాదులు వచ్చాయట. ఆయన పరీక్షించి చూస్తే నూలులో లోపం లేదు. ఆ నలుపుని నీలం, ఊదా రంగుల పక్కన నేయడం వల్ల కంటికి అలా కనిపిస్తోంది! పక్కపక్కనున్న రెండు రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయని 1839లో ఆయన పెద్ద పుస్తకమే రాశాడు. ఆడవాళ్ల దుస్తులు, ఒంటి ఛాయల గురించి కూడా అందులో చర్చించాడు. ఆకుపచ్చ బట్ట పక్కన చర్మంలోని ఎరుపు తేలుతుంది. ఊదా రంగు పక్కన చర్మంలోని పసుపు తేలుతుంది. ఇది కంటి పని. ఇది కాక, బట్ట మీద పడిన వెలుతురు తిరిగి గడ్డం మీద, మెడ మీద పడుతుంది. గులాబి చీర కడితే గడ్డం కింద గులాబి నీడ కనిపించేది అందుకే. ఈ రెండూ కలిసి ఏ ముఖం మీద ఎలా పనిచేస్తాయో ముందే చెప్పడం కష్టం కాబట్టే, గుడ్డని గడ్డం కింద పెట్టి చూడమనేది.

మన మగ్గాలకి తెలిసిన రంగులు

రంగుని రంగు పక్కన పెట్టి మెప్పించడం మన వైపు నేతగాళ్లకి కొత్త కాదు. బాపట్లకి కూతవేటు దూరంలో ఉన్న చీరాల కుప్పడం చీరలే చూడండి. ఒళ్లంతా ఒక రంగు, అంచు ఇంకో రంగు. ఆ రెండూ కలిసేచోట కోటకొమ్మలు. చిలకపచ్చకి రాణీ రంగు అంచు, ఆవాల పసుపుకి వంగపండు అంచు! ఇందులో మనకి పనికొచ్చే సూత్రం ఒకటుంది. చీర మొత్తం ముఖం పక్కన ఉండదు. ముఖం పక్కన ఉండేవి జాకెట్టు, భుజం మీద పమిట, ఆ పమిట అంచు. ఈ మూడూ నప్పితే కుచ్చిళ్లు ఏ రంగైనా ఫరవాలేదు.

అంటే బీరువా అడుగున ఉన్న ఆ బిస్కెట్ రంగు చీరకి కూడా మోక్షముంది. దానిమీద అదే రంగు జాకెట్టు తీసేసి, మీకు నప్పే దానిమ్మ ఎరుపో నెమలికంఠమో జాకెట్టు కుట్టించండి. చీర ఖరీదులో పదోవంతు కూడా అవదు, చీర కొత్తదవుతుంది.

మంగళగిరి నూలు చీరల ఒంటి మీద బుటాలుండవు. ఒకే రంగు, అంచున జరీ. మీ రంగేదో తెలుసుకున్నాక కొనడానికి వాటిని మించినవి లేవు, ఎందుకంటే రంగు అక్కడ ఏ డిజైను చాటునా దాక్కోదు. అడుగు ఛాయ వెచ్చగా, నెమ్మదిగా ఉన్నవాళ్లు బందరు కలంకారీ చూడండి. కరక్కాయ, నీలిమందు, బెల్లం ఇనుము కలిపి చేసిన నలుపు, వేళ్లనుంచి తీసిన ఎరుపు, ఇలా సహజ రంగులతో అద్దినవి కంటిని పొడవవు.

ఎరుపంటే గుర్తొచ్చింది. రేపల్లె అవతల సముద్రపు ఒడ్డున ఉన్న నిజాంపట్నాన్ని ఒకప్పుడు పెటపోలి అనేవారు. చిరివేరు అనే చిన్న మొక్క వేళ్లనుంచి తీసిన ఎరుపుకి ఆ ప్రాంతం పేరుమోసింది. 1606లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు ఓడలేసుకుని ఆ రేవుకి వచ్చింది మన కోస్తా బట్టల కోసమే. గుల్లలు కలిసిన ఇసుక నేలల్లో పెరిగిన వేళ్లు మరింత మంచి ఎరుపునిచ్చేవి. ఆ తర్వాతి కాలంలో చీరాల తేలియా రుమాళ్లు కూడా ఎరుపు, నలుపు, తెలుపులతోనే అరబ్బు దేశాల దాకా వెళ్లాయి. నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిదలో రోజుల తరబడి నానబెట్టి రంగు పట్టించేవారు. ఎండకి మాగిన ఒంటిమీద ఎరుపు ఎంత బాగుంటుందో ఈ తీరంలో తరాల తరబడి కళ్లతో చూసినవాళ్లం మనం. ఇప్పుడు మన పిల్లలకే "నీకు ఎరుపు వద్దులే" అని చెప్పుకుంటున్నాం!

పెళ్లిచూపుల గులాబి చీర

రంగుల గోల అంతా చివరికి తేలేది పెళ్లిచూపుల దగ్గరే. తెలిసినవాళ్లింట్లో జరిగిన సంగతి ఇది. అమ్మాయి బాగా చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది. చామనఛాయ కన్నా ఒక పిసరు ఎక్కువ. సంబంధాలకి పంపడానికి ఫోటో తీయించారు. లేత గులాబి చీర కట్టించి, ముఖానికి మందంగా పౌడరు పూసి, స్టూడియో దీపాల కింద నిలబెట్టారు. ఫోటోలో మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. పిల్ల భయపడ్డట్టుంది తప్ప నవ్వినట్టు లేదు. కొన్నాళ్లకి ఆఫీసులో ఏదో వేడుకకి ఆ అమ్మాయి వాళ్లమ్మ పాత కుప్పడం చీర కట్టుకెళ్లింది. నెమలికంఠం రంగు, ఎర్ర అంచు. పౌడరు లేదు. ఎవరో ఫోన్లో తీసిన ఫోటో చూసి వాళ్ల నాయనమ్మ "ఎవరే ఈ పిల్ల, లక్ష్మీదేవిలా ఉంది" అంది.

తల్లి మాత్రం నసిగింది. "ఇది పంపితే నల్లగా ఉందనుకుంటారేమో" అని.

"నల్లగానే ఉన్నాను కదమ్మా. వచ్చేవాళ్లు ఎలాగూ చూస్తారు" అంది పిల్ల.

ఆ ఫోటోనే పంపించారు.

నప్పే రంగంటే తెల్లగా చూపించే రంగని మనమంతా పొరబడుతున్నాం. దీని వెనక పెద్ద వ్యాపారం కూడా ఉంది. 1975లో మన దేశంలో అమ్మకానికొచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' నలభై అయిదేళ్లపాటు ఆ పేరుతోనే ఇంటింటా తిరిగింది. నల్లజాతివారి పట్ల వివక్ష మీద ప్రపంచమంతా గొడవైన 2020లో దాని పేరుని 'గ్లో అండ్ లవ్లీ' అని మార్చారు. పేరు మారింది, మన ఇళ్లల్లో మాట మాత్రం ఇంకా మారలేదు. చెన్నైలో ఒక మహిళా సంస్థ 2009లోనే 'డార్క్ ఈజ్ బ్యూటిఫుల్' అని ఉద్యమం మొదలుపెట్టింది. సినీనటి నందితా దాస్ దానికి గొంతు కలిపారు. ఉద్యమాలదాకా వెళ్లకపోయినా, చీరల కొట్లో కూతురి పక్కన కూర్చున్నప్పుడు మనం ఒక్క పని చేయొచ్చు. "ఇందులో తెల్లగా కనిపిస్తావు" అన్న మాట మానేసి, "ఇందులో నీ ముఖం కళగా ఉంది" అనడం మొదలుపెట్టొచ్చు. వినడానికి చిన్న తేడాయే. పిల్ల మనసులో అది పడేచోటు వేరు.

జుట్టు నెరిసిందని…

"ఈ వయసులో నాకు రంగులేమిటే!" నలభై అయిదు దాటగానే చాలామంది పాడే పాట ఇది. జుట్టు నెరిసేకొద్దీ ముఖానికి చుట్టూ ఉన్న నల్లని చట్రం కరిగిపోతుంది. చర్మంలో కూడా మునుపటి నిగారింపు కాస్త తగ్గుతుంది. అలాంటప్పుడు ముఖానికి బట్ట నుంచి ఊతం కావాలి. సరిగ్గా ఆ సమయంలోనే మనం బూడిద రంగుకీ, గంధం రంగుకీ మారిపోయి ఉన్న కళని కూడా పోగొట్టుకుంటాం. నెరిసిన జుట్టు కూడా ఒక రంగే, వెండి రంగు. దాని పక్కన ముదురు నీలం, వంగపండు రంగు, దానిమ్మ ఎరుపు, ముదురాకుపచ్చ ఎంత హుందాగా ఉంటాయో ఒకసారి కట్టి చూడండి. ఇదివరకు నప్పిన ఆవాల పసుపు ఇప్పుడు నప్పకపోవచ్చు, ఇదివరకు నప్పని రాణీ రంగు ఇప్పుడు నప్పొచ్చు. కాబట్టి వరండా పరీక్ష అయిదారేళ్లకోసారి మళ్లీ చేసుకోవాలి.

భర్త పోయినవాళ్లకి ఫలానా రంగులే అని లోకం పెట్టిన ఆంక్షకీ, ఒంటి ఛాయకీ ఏ సంబంధమూ లేదు. ముఖం అదే ముఖం, ఛాయ అదే ఛాయ. నప్పే రంగు నిన్న నప్పితే ఇవాళా నప్పుతుంది. ఇంట్లో అమ్మో, అత్తగారో, పిన్నో ఉంటే పండక్కి చీర తెచ్చేటప్పుడు ఈ మాట మనసులో పెట్టుకోండి. "ఆవిడ కట్టదులే" అని మీరే నిర్ణయించేయకుండా, ఏ రంగు ఇష్టమో ఆవిడనే అడగండి.

కొనేముందు

* కొట్లో దీపాలు మోసం చేస్తాయి. పసుపు వెలుతురిచ్చే దీపం కింద ఎరుపు, పసుపు వెలిగిపోతాయి, నీలాలు మందగిస్తాయి. నీలి తెలుపు దీపాల కింద దీనికి తలకిందులు. మొహమాటపడకుండా చీరని గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూడండి.

* కొట్టబ్బాయి చీరని ఒడిలో పరుస్తాడు. మీరు అద్దం ముందు నిలబడి భుజం మీద, గడ్డం కిందికి వేసుకుని చూడండి.

* జాకెట్టు గుడ్డకి మ్యాచింగ్ చూసేటప్పుడు దీపం కింద ఒకసారి, బయట ఒకసారి చూడండి. కొట్లో అచ్చంగా కలిసిన రెండు రంగులు ఎండలో వేరుపడటం మామూలే.

* సాయంత్రం పెళ్లికి కట్టే చీరయితే ఇంట్లో రాత్రిపూట దీపం వెలుతురులో కూడా చూసుకోండి. పగలు బాగున్న ముదురు నీలం రాత్రికి నల్లగా అనిపించొచ్చు.

* ఫోన్లో చూసి తెప్పించుకునే చీరల రంగు ఒక్కో ఫోను మీద ఒక్కోలా కనిపిస్తుంది. తిరిగి పంపే వీలున్నచోటే కొనండి. వచ్చిన రోజే వరండాలో గడ్డం కింద పెట్టి చూడండి.

* మీకు బాగా నప్పిన జాకెట్టు గుడ్డల ముక్కలు నాలుగు సూదీ దారంతో ఒకచోట కుట్టి పర్సులో పెట్టుకోండి. కొట్లో పదిమంది పది మాటలు చెప్పినప్పుడు ఆ నాలుగు ముక్కలే మీ పక్షాన సాక్ష్యం చెబుతాయి.

ఇంతా చెప్పాక ఒక మినహాయింపు. ఇష్టమైన రంగుకి ఏ సూత్రమూ అడ్డు రాకూడదు. కట్టుకుంటే మనసుకి హాయిగా ఉండే రంగు మీ జాబితాలో లేకపోతే దాన్ని వదులుకోకండి. చీరగా కట్టుకుని, ముఖం పక్కకి మాత్రం నప్పే జాకెట్టు తెచ్చుకోండి. ఈ ఆదివారం పిల్లలకి సెలవే కదా. బీరువా తలుపులు బార్లా తెరిచి, ఇంట్లో ఆడవాళ్లందరూ వరండాలోకి చేరండి. ఏళ్ల తరబడి మీకు నప్పదని పక్కన పెట్టిన ఆ ముదురు రంగుతోనే మొదలుపెట్టండి.